గురువారం దెయ్యం, శుక్రవారం ఫోను

వీరవేణికి దెయ్యాలంటే భయం లేదు. చిన్నప్పుడు ఉండేదేమో తెలియదు. మొగుడు దొరబాబు కువైట్ వెళ్ళిపోయి, ఆ మరుసటేడు అత్తగారు కాలం చేసి, రెండు గదుల పెంకుటింట్లో తనొక్కతే మిగిలాక మాత్రం, ఎవరో ఒకరు వచ్చి కాసేపు కూర్చుంటే బాగుండుననిపించే రోజులే ఎక్కువగా ఉండేవి. అందుకే రెండువేల రెండులో టీవీలో గురువారం సాయంత్రాలు దెయ్యం సీరియల్ మొదలైనప్పుడు, మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆ వేళకి టీవీ కట్టేసి తలుపు గడియ వేసుకుంటే, ఆవిడ పెందలాడే అన్నం తినేసి, అంట్లు తోమేసుకుని, చాప మీద సిద్ధంగా కూర్చునేది.

మాది పి.గన్నవరం దగ్గర ఊరు. ఆ సీరియల్ అసలు పేరు నోరు తిరగనిది కావడంతో అందరూ గురువారం దెయ్యం అనేవారు. కథ పెద్ద చిక్కుగా ఉండేది కాదు. ఆనందవర్మ అనే ఆయన పడవ మునిగి సముద్రంలో పోతాడు. తను పోయినట్టు ఆయనకే తెలియదు. మామూలుగా ఇంటికొచ్చి భార్య ఇందుమతి చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఆయన నడిస్తే దీపాలు ఆరిపోతాయి, తలుపులు కొట్టుకుంటాయి. పక్కింటి దానమ్మగారు వీరవేణికి తోడు పడుకుంటానని వచ్చి, మొదటి దీపం ఆరగానే కొంగు మొహం మీద వేసుకుని, రెండోది ఆరేలోగా తన ఇంటికి వెళ్ళిపోయేవారు. ఆ తరువాత వీరవేణీ, ఆనందవర్మా మిగిలేవారు.

పగలు ఆవిడ కొబ్బరాకుల నుంచి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టేది. అరుగు మీద కూర్చుని ఆకు తరవాత ఆకు చీల్చుకుంటూ పోయే పని. చేతులు వాటంతట అవే నడుస్తాయి కాబట్టి మనసుకి బోలెడు తీరిక. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే దొరబాబు వెళ్ళాడు. మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చి, ఈ టీవీ తెచ్చి, చుట్టాల ఇళ్ళకీ గుళ్ళకీ తిరగడంతోనే ఆ సెలవంతా గడిపేసి మళ్ళీ విమానం ఎక్కేశాడు. పిల్లలు లేరు. చుట్టూ ఉన్నవాళ్ళు మంచివాళ్ళే గానీ, మంచితనం పగలే పలకరిస్తుంది. దీపాలు పెట్టాక ఎవరి ఇల్లు వారిది.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం సెంటర్లో కొండబాబు నడిపే ఎస్టీడీ బూత్‌కి దొరబాబు ఫోన్ చేసేవాడు. వీరవేణి కాస్త ముందే వెళ్ళి బల్ల మీద కూర్చునేది. మొదట్లో ఆ ఫోన్ వస్తుందంటేనే ఆవిడకి బెంగగా ఉండేది. ఒంట్లో బాగుందా అంటే బాగుంది అని చెప్పుకునేవారు. వర్షాలు పడ్డాయా అని ఆయన అడిగేవాడు, అక్కడ ఎండలెలా ఉన్నాయని ఈవిడ అడిగేది. ఆపైన ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. కలిసి బతికిన రోజులు తక్కువ కాబట్టి గుర్తు చేసుకోడానికీ పెద్దగా ఏమీ లేదు. లైన్లో హోరు వింటూ ఒకరి ఊపిరి ఒకరు విని, ఉంటానని పెట్టేసేవారు.

ఒక శుక్రవారం ఏదీ తోచక వీరవేణి, నిన్న టీవీలో దెయ్యం సీరియల్ చూసేనండి అంది. అవతల దొరబాబు గొంతు ఒక్కసారి మారిపోయింది. వాళ్ళ క్యాంపులో కూడా తెలుగువాళ్ళందరూ కలిసి డిష్ పెట్టించుకున్నారట. అక్కడ గురువారం పని సగం పూటే కాబట్టి అందరూ గదిలో చేరి అదే సీరియల్ చూశారట. ఆనందవర్మ అద్దంలో తన మొహం కనబడక వెతుక్కోవడం చూసి, పక్కన కూర్చున్న పోలిరాజు టీ గ్లాసు ఒలకబోసుకున్నాడట. వీరవేణి నవ్వింది. బూత్ అద్దాల తలుపు వెనక ఆవిడ నవ్వడం కొండబాబు చూడ్డం అదే మొదలు.

ఆ రోజు నుంచి వాళ్ళకి మాట్లాడుకోడానికి ఒక సంసారం దొరికింది. ఇందుమతి మరిది దొంగవాడని ఈవిడా, కాదు పాపం అమాయకుడని ఆయనా వాదులాడుకునేవారు. అలా వాదించుకుంటేనే వీరవేణికి తెలిసింది, తన మొగుడు మనుషుల్ని తొందరగా నమ్ముతాడని. ఆయన నవ్వితే చివర్లో చిన్న దగ్గు వస్తుందనీ ఫోన్లోనే తెలిసింది.

అలా ఏడాది పైన గడిచింది. తరువాత తరువాత దొరబాబు మాట తగ్గింది. ఈవిడే చెబుతుంటే ఆయన ఊఁ కొట్టేవాడు. పని ఎక్కువై అలిసిపోతున్నాడనుకుంది.

అప్పుడే ఆ భాగం వచ్చింది. ఇందుమతి ఒంటరిగా కూర్చుని అన్నం తింటోంది. ఆనందవర్మ గుమ్మంలోంచి నడిచి వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు. ఇందూ అని పిలిచాడు. ఆవిడ తల తిప్పింది. సరిగ్గా ఆయన మొహంలోకే చూసింది. భయపడలేదు, ఉలిక్కిపడలేదు. పనిమనిషితో, కిటికీ తెరిచి ఉన్నట్టుంది, వేసెయ్ అని చెప్పి మళ్ళీ అన్నం కలుపుకుంది. కిటికీ మూసిన చప్పుడుతో ఆ వారానికి అయిపోయింది.

వీరవేణి టీవీ కట్టలేదు. తరువాత వార్తలొచ్చాయి, అవీ అయిపోయాయి. కట్టుకున్న మనిషి అడుగుల చప్పుడు ఆవిడకెందుకు తెలియలేదు అనుకుంది ముందు. ఇందుమతి మీద కోపం వచ్చింది. ఆ తరువాత, దొరబాబు నడిస్తే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుందామని చూసింది. చెప్పులు ఈడుస్తాడా, గబగబా నడుస్తాడా, గుమ్మం దగ్గర ఆగుతాడా. ఎంత వెతికినా ఏమీ రాలేదు. ఆయన ఇప్పుడు వచ్చి వెనక నిలబడితే తనూ కిటికీ వెయ్యమనే చెబుతుందేమో. ఆ సీరియల్ చూసి ఆవిడకి భయం వేసింది ఆ ఒక్కసారే.

మర్నాడు బూత్‌లో రిసీవర్ అందుకోగానే అదే అడిగింది.

"ఆవిడ ఆయన్ని అలా ఎలా చూసిందండీ?"

"దెయ్యం కదా, భయపడిపోయి ఉంటది" అన్నాడు దొరబాబు.

చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఆ భాగమంతా ఇందుమతి భయపడకపోవడమే కదా. వీరవేణి ఇంకేదో మాట్లాడి పెట్టేసింది గానీ, ఆ వారమంతా ఈనెలు తీస్తున్నంతసేపూ అదే తొలిచింది. మరుసటి శుక్రవారం ఆవిడ కావాలనే ఒక అబద్ధం ఆడింది.

"నిన్న ఆనందవర్మ పిల్లి రూపంలో వచ్చేడు కదండీ. చూసేరా?"

"ఊఁ, చూసేను. పిల్లి బాగా చేసింది" అన్నాడాయన.

ఆవిడ నెమ్మదిగా రిసీవర్ పెట్టేసింది. కొండబాబు లైన్ కట్టయిందా అండీ అని అడిగితే, ఆయ్, కట్టయిందండి అని ఇంటికి వచ్చేసింది. గురువారాలు ఆయన ఎక్కడ ఉంటున్నట్టు? ఎవరితో ఉంటున్నట్టు? గల్ఫ్ వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టినవాళ్ళ కథలు ఆవిడ వినే ఉంది. తను ఇన్నాళ్ళూ మురిసిపోతూ చెప్పుకున్నదంతా అవతల ఎవరో వినీ వినకుండా ఊఁ కొట్టడమేనా అని సిగ్గేసింది. ఆ తరువాతి గురువారం టీవీ పెట్టలేదు. శుక్రవారం బూత్‌కి వెళ్ళలేదు. ఫోన్ మళ్ళీ మళ్ళీ వచ్చిందని కొండబాబు సాయంత్రం ఇంటికి వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు.

పోలిరాజు సెలవు మీద కొత్తపేట వచ్చాడని తెలిసింది ఆ తరువాతే. వీరవేణి బస్సెక్కి వెళ్ళింది. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, కానీ టీ ఒలకబోసుకున్న మనిషిగా బాగా తెలుసు. ఆయన కుర్చీ వేసి, భార్య చేత మంచినీళ్ళు ఇప్పించి, ఈవిడ అడిగింది విని నేల చూపులు చూస్తూనే చెప్పాడు.

దొరబాబు పనిచేసే కంపెనీ మూతపడి ఉగాదికి ముందే అందర్నీ పంపేసిందట. పోలిరాజులాంటి కొందరికి టౌనులోనే వేరే క్యాంపులో పని దొరికింది. దొరబాబుకి దొరికింది ఎడారిలో గొర్రెల మంద కాపలా. కనుచూపు మేర ఇంకో మనిషి ఉండడు. ఒక గుడారం, గొర్రెలు, నీళ్ళ ట్యాంకు. కరెంటే లేదు, టీవీ మాటెక్కడిది. శుక్రవారం నీళ్ళకి టౌనుకెళ్ళే లారీలో వచ్చి ఫోన్ చేసుకునేవాడు.

"ముందు మా క్యాంపుకి వచ్చేవాడు చెల్లెమ్మా" అన్నాడు పోలిరాజు. "అన్నం పెడతామన్నా వినేవాడు కాదు. నిన్న కథేమైందో చెప్పండ్రా, వేణి అడుగుద్ది అనేవాడు. మేం చెప్తుంటే మళ్ళీ మళ్ళీ అడిగి గట్టిగా పట్టుకునేవాడు. మొన్న మా క్యాంపు ఎత్తేసేరు. ఇంక వాడికి చెప్పే దిక్కు లేదు."

నీతో చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడని కూడా అన్నాడు. వీరవేణి గ్లాసు కింద పెట్టి లేచింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. ఆయన మీద అనుమానపడ్డందుకు కాదు. తను చీకటి పడ్డాక మాట్లాడే మనిషి లేడని అనుకుంటున్నన్నాళ్ళూ, ఆయనకి పగలూ అలాంటి మనిషి లేడు.

ఆ శుక్రవారం అందరికంటే ముందు బూత్‌కి వెళ్ళింది. ఫోన్ రాగానే ఆయన కంగారుగా, ఏమైంది, ఒంట్లో బాలేదా అన్నాడు.

"పిల్లి రాలేదండి" అంది.

మళ్ళీ తనే అంది.

"కొత్తపేట వెళ్ళేను. పోలిరాజుగారు చెప్పేరు."

ఎందుకు దాచాడో దొరబాబు చెప్పలేదు, ఈవిడా అడగలేదు. చివరికి ఆయనే, "మరి ఆ వేళ ఏమైంది? నిజంగా జరిగింది చెప్పు" అన్నాడు.

అన్నం తింటున్న దగ్గర్నుంచి కిటికీ మూసేదాకా చెప్పింది వీరవేణి. ఆయన మధ్యలో ఊఁ అనలేదు.

"ఎందుకు పోల్చుకోలేదంటావు?"

"అడుగుల చప్పుడు మర్చిపోయిందండి."

"నాది గుర్తుందా?"

ఉందనడం ఎంతసేపు. అబద్ధాలు ఇద్దరూ ఆడేసుకున్నారు, ఇంక చాలనిపించింది.

"లేదండి" అంది.

"నాక్కూడా నీ మొహం ఒక్కోసారి రాదు వేణీ" అన్నాడు దొరబాబు. "గొంతు వస్తది. మందని తోలుకుంటా ఆ గొంతుతోనే మాట్లాడుకుంటాను."

ఆ తరువాత వాళ్ళు దాపరికం పెట్టుకోలేదు. దొరబాబు పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడంతో వెంటనే రావడం కుదరలేదు. ప్రతి శుక్రవారం వీరవేణి సీరియల్ మొత్తం కథలా చెప్పేది. ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఏ తలుపు కొట్టుకుందో, దానమ్మగారు ఎక్కడ లేచి పారిపోయారో అన్నీ. కొన్నాళ్ళకి ఆ సీరియల్‌ని మధ్యలోనే ఆపేశారు. ఆనందవర్మ ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. మా ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వీరవేణి ఆయనకి ఆ సంగతి చెప్పి, మీరు వినేటట్టయితే మిగతా కథ నేనే చెప్తానండి అంది. చెప్పింది కూడా. ఆవిడ కథలో ఇందుమతి ఇల్లు మారింది, మరిది బుద్ధి తెచ్చుకున్నాడు, ఆనందవర్మ మాత్రం తను పోయినట్టు తెలుసుకోకుండానే తిరుగుతూ ఉన్నాడు. ఆయన్ని పంపించెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు.

దొరబాబు రెండువేల ఐదులో వచ్చేశాడు. బాగా చిక్కి, జుట్టు పల్చబడి ఉన్నాడు. చూడవచ్చే జనం తగ్గాక ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు, మాట వచ్చేది కాదు. ఫోన్లో అంతగా చెప్పినదాన్ని, మనిషి ఎదురుగా ఉంటే సిగ్గుగా ఉందండి అని నాతో చెప్పిందావిడ. ఆయన ఇంట్లో పడుకోలేక అరుగు మీద పడుకునేవాడు. నలుగురున్న చోట ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. ఆఖరికి ఐ.పోలవరం అవతల రొయ్యల చెరువుల కాపలాకి కుదిరాడు. అక్కడ గట్టు మీద పాకలో ఒక్కడే ఉంటాడు. వెళ్ళిన రోజు వీరవేణి వద్దనలేదు. సంచీ సర్ది ఇచ్చి, మళ్ళీ అరుగు మీద ఈనెలు తీయడానికి కూర్చుంది.

ఆదివారాలు ఆవిడ క్యారేజీ పట్టుకుని బస్సులో వెళుతుంది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని తింటారు. ఎక్కువ మాట్లాడుకోరు. మొదటి రెండు మూడు సార్లు ఆయన ఏమీ అనకుండా, తిన్నంత తిని చెయ్యి కడుక్కున్నాడు. ఆ తరువాత ఒక ఆదివారం, తనకి చిన్నప్పటి నుంచీ కూరలో ఉప్పు తక్కువుంటేనే ఇష్టమని మొహమాటంగా చెప్పాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ సంగతి ఆవిడకి తెలిసింది. పై వారం తక్కువే వేసుకెళ్ళింది.