దుడ్డె తుమ్మిన పొద్దు

నిన్న కొత్తగూడలో మా బాల్కనీలో చదువుకుంటున్న మనవరాలు, "తాతా, యానిమల్ అనే మాట లాటిన్ నుంచి వచ్చిందంట. ఊపిరి ఉన్నది అని అర్థమంట" అన్నది. నాకు ఒక్కసారిగా మా కొట్టంలోని తడి గడ్డి వాసన తగిలింది.

అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. మా బర్రె ఈనింది, కానీ దుడ్డె కదలలేదు. "పాయె, ఇగ ఇది బతకదు" అని నాయిన కూలబడ్డాడు. అమ్మ దాని ముక్కు దగ్గరి జిగట తుడిచి, ఎండు గడ్డిపోచను ముక్కులో మెల్లగా ఆడించింది. "తుమ్మవే నా తల్లీ, జర తుమ్మవే" అని బతిమాలింది. ఏడుస్తున్న నన్ను చూసి, "ఏడ్చుడు ఆపి గోనెపట్టతోని దాన్ని రుద్దుర!" అని కసిరింది. రుద్దాను. దుడ్డె తుమ్మింది. నా అరచేతి కింద దాని పక్కటెముకలు పైకి లేచాయి.

"నీ నోటికి భయపడే ఊపిరి పీల్చిందే అది!" అని నాయిన అమ్మను చూసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

పశువులున్న ఇళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ తర్వాతి సంగతి చెప్పక్కర్లేదు. వణికే కాళ్ల మీద అది లేచి, తల్లి పొదుగు అందుకునేదాకా మా ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు.