మామగారు అడిగిన గ్రాఫిక్స్ కార్డు

మా మామగారు కిందటి నెలలో పోయారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. పాలకొల్లు చుట్టుపక్కల ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది. కబురు తెలియగానే వచ్చి చూసి వెళ్ళారు. సోషల్ మాస్టారిగా ఆయన ఎలాంటివారో వాళ్ళు నాకన్నా బాగా చెబుతారు. నేను చెప్పగలిగింది వేరే సంగతి. ఆయన మా ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపేవారు.

ఆ కంప్యూటర్ మా ఆయన ఆటల కోసం ముచ్చటపడి కొనుక్కున్నది. ఆయనకి విశాఖపట్నం ట్రాన్స్‌ఫర్ అయ్యాక దాన్ని ముట్టుకునేవాళ్ళు లేక దుప్పటి కప్పి ఉంచాం. రిటైరైన మనిషికి కాలక్షేపంగా ఉంటుందని నేనే దుప్పటి తీసి, విమానం ఆట పెట్టి, మామగారిని కూర్చోబెట్టాను. మొదట్లో ఎక్కడపడితే అక్కడ పొలాల్లో కూల్చేశారు. తరవాత చెయ్యి తిరిగింది. రోజూ కాఫీ అయ్యాక భుజాన తువ్వాలు వేసుకుని రాజమండ్రిలో గాల్లోకి లేచి, గోదారి వెంబడే సముద్రం దాకా వెళ్ళేవారు. పాఠం చెప్పినట్టు పైకి చెప్పుకుంటూ మరీ.

"ఇదిగో ధవళేశ్వరం. ఇక్కడ చీలింది. ఎడంపక్కకి పోతే యానాం, కుడిపక్కకి పోతే మన ఊరు."

పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న నాకు ఆ పాఠం వినబడి ఒళ్ళు మండేది. ఆయన మాత్రం నాకు మీటింగులున్న రోజుల్లో మంచినీళ్ళు పట్టుకొచ్చి, కెమెరాలో పడకుండా నడుం వంచి, బల్ల చివర పెట్టి వెళ్ళేవారు. "నీ ఉద్యోగం అంటే ఇంట్లో అందరి ఉద్యోగమేనమ్మా" అనేవారు.

ఒకరోజు పిలిచారు. "అమ్మాయ్, గోదారైతే ఉంది గానీ నీళ్ళు లేవమ్మా. కొబ్బరిచెట్లూ లేవు. కొబ్బరిచెట్టు లేకపోతే అది కోనసీమేంటి?"

చూస్తే నిజమే. పాత గ్రాఫిక్స్ కార్డు అంత బొమ్మని మోయలేక చెట్లన్నీ తీసేసింది. నది నీలం రంగు పూసిన రోడ్డులా ఉంది. "కొత్త కార్డు వేస్తే అన్నీ కనిపిస్తాయి మావయ్యగారూ" అన్నాను.

ఇక ఆయన కాలు నిలవలేదు. కంప్యూటర్ డబ్బా తెరిపించి లోపల ఎంత చోటుందో స్కేలు పెట్టి కొలిచారు. పవర్ సప్లై మీద రాసినదంతా భూతద్దంతో చదివారు. "పెద్ద గొప్పది అక్కర్లేదమ్మా. చెట్లు కనిపిస్తే చాలు."

"ఆగండి, త్వరలో కొత్త మోడల్ వస్తోంది. చూసి తీసుకుందాం" అన్నాను. ఈ మాట అబద్ధం కాదు. ఎప్పుడడిగినా ఏదో ఒక కొత్త మోడల్ రాబోతూనే ఉంటుంది. అది వస్తే మెమరీ తక్కువన్నాను. తరవాతది మన డబ్బాలో పట్టదన్నాను. ఇంకోదానికి పవర్ సప్లై మార్చాలన్నాను. "నాకేం తెలుసమ్మా, నువ్వెలా అంటే అలాగే" అని వెళ్ళి, నీళ్ళు లేని గోదారి మీదే మళ్ళీ విమానం ఎక్కేవారు.

నిజానికి నేను వెతకనే లేదు. ఆయన అడిగిన పనికి సరిపోయేది మొదటి రోజే కనబడింది. ఈ వయసులో ఆటకి ఇంత సోకెందుకులే అనుకున్నాను, అంతే. ఆ మాట మొహం మీద అనలేక ఆగమన్నాను. మా ఆయన అడిగుంటే మర్నాటికల్లా ఇంట్లో ఉండేది. రాస్తుంటే సిగ్గేస్తోంది.

దానాలిచ్చే రోజున పురోహితుడు గారు, "గొడుగూ చెప్పులూ సరే. పెద్దాయన ఇష్టపడినవి, కావాలనుకున్నవి ఇంకేమైనా ఉంటే చెప్పండమ్మా" అని అడిగారు. మా ఆయన నావైపు చూశారు. నేను చెప్పుల జత సర్దుతున్నాను.

మా అత్తగారు అందుకున్నారు. "ఆ కంప్యూటర్లోకి ఏదో కార్డు కావాలని ఉండేదండి ఆయనకి. మా అమ్మాయి ఏదో ఒకటి కొని పడేసే రకం కాదు. ఇంతకన్నా మంచిది వస్తుంది, ఆగండి అనేది. ఆయనకెంత సంబరమో! నా కోసం మా కోడలు నెలల తరబడి వెతుకుతోందని ఎవరొచ్చినా చెప్పుకునేవారు."

మాటల్లో ఎత్తిపొడుపు లేదు. కళ్ళు తుడుచుకుంటూనే గర్వంగా చెప్పారావిడ.

చాప మీద కూర్చున్న చుట్టాలంతా నావైపు తిరిగారు. మా ఆయన మేనత్తగారు లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేశారు. "ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుందమ్మా!" అన్నారు.

నేను తల దించుకున్నాను. అందరూ వినయం అనుకున్నారు. ఆవిడ చెయ్యి చాలాసేపు నా తల మీదే ఉంది.