తిప్పి పంపిన అధ్యాయం

మా నాజియా అక్క పీహెచ్‌డీకి ఎనిమిదేళ్ళు పట్టింది. హిందూపురంలో మా వీధివాళ్ళకు దాని గురించి గుర్తున్నది ఆ ఒక్క సంగతే.

ధర్మవరం మగ్గాల పనిలో వాడే మాటల మీద ఆమె పరిశోధన. ఆరో ఏట సమర్పించింది. దాన్ని పరీక్షించిన ముసలి ప్రొఫెసర్ ఒక అధ్యాయం తిప్పి పంపాడు. మగ్గం మీద కూర్చున్న మగవాళ్ళనే అడిగావు, మగ్గానికి దారం కండెలు చుట్టే ఆడవాళ్ళ మాటలేవీ అన్నాడు. అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత మళ్ళీ ధర్మవరం బస్సెక్కింది. చౌడక్క అనే ఆమె ఇంట్లో, ఆమెతో పాటు కండెలు చుడుతూ, అక్కడికొచ్చే ఆడవాళ్ళ మాటలు విని, రెండేళ్ళకు ఆ అధ్యాయం మళ్ళీ రాసింది. పదో తరగతితో బడి మానేసి దొరికిందల్లా చదివేవాణ్ణి నేను. రెండు ప్రతులూ చదివాను. మొదటిది పదాల పట్టిక. రెండోదాంట్లో మనుషులున్నారు.

పెనుకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ పోస్టు పడింది. అక్క ఇన్నేళ్ళూ కాచుకున్నది అలాంటి దానికోసమే. ఇంటర్వ్యూకి తోడు పోయి వరండాలో కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల కరస్పాండెంటు కేశవమూర్తి గొంతు.

"ఎనిమిదేండ్లా? ఏమ్మా, పీహెచ్‌డీ చేసినావా, పట్టుచీర నేసినావా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"ఒక అధ్యాయం తిప్పి పంపినారు సార్. వాళ్ళు చెప్పింది నిజమే. మళ్ళా రాసినా."

"అంటే తప్పినట్లే కదమ్మా!"

"తప్పలేదు సార్. ఆ ఒక్క అధ్యాయం చదివి చూడండి."

"చదివేకి టైము యాడుందమ్మా? మీ హిందూపురం దీపక్కూ అప్లై చేసినాడు. మూడేండ్లలో ముగించినాడు. వైవాలో ఒక్క ప్రశ్న రాలేదంట. అందరూ మెచ్చుకొని, బిర్యానీ తిని పోయినారంట!"

ప్రశ్నే రాలేదంటే ఆ పుస్తకం ఎవరూ తెరవలేదేమోనని అక్కడ ఒక్కరికీ తోచలేదు. ఉద్యోగం దీపక్‌కు ఇచ్చారు. మా సర్కిల్‌లో డాక్టర్ దీపక్ అని ఫ్లెక్సీ కట్టారు.

ఇంటర్వ్యూ రోజు తిరుగు బస్సులో అక్క కిటికీ వైపే చూస్తూ అంది: "ఒళ్ళు బాగలేక ఆలస్యమైందని చెప్పింటే సరిపోయేదేమోరా."

సరిపోయేదే.

మొన్న మా చిన్నాయన కూతురు సబీనా వచ్చింది. పీహెచ్‌డీలో సీటొచ్చింది, ఏ గైడు దగ్గర చేరాలో చెప్పమంది.

"ఎవురు ప్రశ్నలు అడగరో వాళ్ళ దగ్గర చేరు" అంది అక్క.

ఎగతాళికి అంటోందనుకుని సబీనా నవ్వింది. అక్క నవ్వలేదు. దీపక్ గైడు పేరు చెప్పి, ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.