పేజీ ముప్పైరెండు తర్వాత

ప్రెస్సులో అందరూ అతన్ని జిగురు అనే పిలిచేవాళ్లు. బైండింగు పని. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు పొట్టులా రాలుతూ ఉండేది, కంచం ముందు కూర్చున్నప్పుడు కూడా. ఆ పేరు పెట్టింది బావే. అక్క మొగుడు, అదే ప్రెస్సులో ప్రూఫ్ రీడరు.

జిగురు బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా కుట్టు బల్ల దగ్గరే. పదహారు పేజీల ఫారం మడిచి, దబ్బనంతో పొడిచి, దారం లాగేలోపు కంటికి ఏ పేజీ దొరికితే ఆ పేజీ చదివేవాడు. అందుకే అతనికి అన్నీ తెలుసు, ఏదీ పూర్తిగా తెలీదు. గుండె రక్తాన్ని ఎలా తోస్తుందో చెప్పగలడు. అది తిరిగి గుండెకెలా వస్తుందో మాత్రం పక్క ఫారంలో ఉండిపోయింది. అతను కుట్టిన పుస్తకాలు వేలల్లో ఉంటాయి. వాటిలో రాసినవాడి పేరుంటుంది, అచ్చువేసినవాడి పేరుంటుంది, అంకితం పుచ్చుకున్నవాడి పేరు కూడా ఉంటుంది. కుట్టినవాడి పేరుండదు.

ఆ ఏడు ఊళ్లోని ప్రెస్సుల మధ్య చదరంగం పోటీ పెట్టారు. ప్రెస్సుకు నలుగురు. ఆ నలుగురి పేర్లూ అచ్చువేసి గేటుకు అంటిస్తారు. మూడు పేర్లు తేలిపోయాయి. నాలుగో పేరు కోసం జిగురూ, అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరూ శనివారం ఒక ఆట ఆడాలన్నాడు బావ. జట్టుకు పెద్ద అతనే. ఇద్దరికీ నాలుగు నెలల కిందట ఆట నేర్పిందీ అతనే.

సరిగ్గా ఆ వారమే లైబ్రరీ నుంచి ఓపెనింగ్స్ మీద ఒక పాత పుస్తకం బైండింగుకు వచ్చింది. వెన్ను ఊడిపోయి, ఫారాలు దేనికది విడిపోయి, పురికొసతో కట్టిన కట్టలా ఉంది.

"బావా, కంపోజిటర్ పని అయిపోయినట్టే. పెద్దపెద్దవాళ్లు ఆడిన మొదటి ఎత్తులన్నీ ఇందులో ఉన్నాయి. బట్టీ కొట్టేస్తా."

బావ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. "నిన్న ఉత్తపుణ్యానికి ఏనుగునిచ్చావు, గుర్తుందా? ముందు అవతలివాడు దేనిమీద కన్నేశాడో చూడ్డం నేర్చుకోరా. ఓపెనింగ్స్ ఎక్కడికీ పోవు."

"నువ్వు చదవలేదా మరి?"

"చదివాను. ఆడ్డం వచ్చాక."

"నేను పైకొస్తే నీకు కడుపుమంట బావా."

"అది మీ అక్క వంటతో రోజూ ఉండేదే. కొత్తగా నువ్వు పెట్టక్కర్లేదు."

జిగురు నవ్వలేదు. చదువుకున్నవాళ్లంతా ఇంతే, తాము ఎక్కాక నిచ్చెన లాగేస్తారు అనుకున్నాడు. మూడు రోజులు కుడుతూనే బట్టీ కొట్టాడు. రెండు చేతులూ దారం మీద, కళ్లు పేజీ మీద. పక్కన చదరంగం బల్ల పెట్టుకుందామంటే చోటూ లేదు, చెయ్యీ ఖాళీ లేదు. ఎత్తుల్ని ఎక్కాల్లా పెదాల మీదే తిప్పుకున్నాడు. శనివారం పొద్దున అట్ట వేసి, అది ఆరేదాకా పుస్తకాన్ని మరప్రెస్సు కింద బిగించాడు.

మధ్యాహ్నం కాగితం రీముల మధ్య బల్ల వేశారు. కంపోజిటరు నిదానస్తుడు, అచ్చక్షరం ఏరుకున్నట్టే బంటునూ ఏరుకుంటాడు. అదృష్టం, అతనూ అందరూ ఆడే ఎత్తులే ఆడాడు. జిగురు ఆరు ఎత్తులు టకటకా పడేశాడు. కంపోజిటరు నుదురు తుడుచుకున్నాడు.

ఏడో ఎత్తుకు జిగురు గుర్రాన్ని ఎత్తి, తిన్నగా ఎదుటి బంటు నోట్లో పెట్టాడు.

కంపోజిటరు పది నిమిషాలు చూశాడు. బల్ల కింద కూడా చూశాడు.

"ఏదో గూడుపుఠాణీ ఉంది ఇందులో," అన్నాడు.

"ఉంటే ఉంటుంది. ఆడు," అన్నాడు జిగురు. పుస్తకం మీద అతనికి అంత నమ్మకం.

కంపోజిటరు గుర్రాన్ని తీసేసుకున్నాడు. జిగురు ఎనిమిదో ఎత్తు కోసం పెదాలు కదిపాడు. పుస్తకం కదపమన్న ఏనుగుకు దారే లేదు, ముందు సొంత బంటే ఉంది. అప్పుడు తలవంచి బల్లను చూశాడు. గుర్రం లేకుండా ఇంకో ముప్పై ఎత్తులు లాక్కొచ్చాడు, ఒక్కొక్కటీ ఆలోచించి. రెండుసార్లు కంపోజిటరుకు చెమట పట్టించాడు. చివరికి ఓడిపోయాడు.

నేరుగా వెళ్లి ప్రెస్సు మర తిప్పి పుస్తకం బయటికి లాగాడు. "తప్పు రాశారు బావా! అచ్చేసి మరీ తప్పు రాశారు!"

బావ అలవాటుగా పేజీ అంకె దగ్గర మొదలుపెట్టాడు. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ముప్పైరెండు తర్వాత ఎంతరా?"

"ముప్పైమూడు."

"ఇక్కడ నలభైతొమ్మిది ఉంది. మూడో ఫారం కుట్టాల్సిన చోట నాలుగోది కుట్టావు. సగం ఒక ఆట, సగం ఇంకో ఆట."

ఫారం అడుగున అంకె చూడకుండా దారం ఎక్కించడం బైండింగుకొచ్చిన మొదటి వారం కూడా అతను చెయ్యలేదు. ఈసారి ఎత్తుల ధ్యాసలో చేశాడు. జిగురు పుస్తకం తీసుకుని ఆ అంకెను వేలితో తడిమాడు.

"ఏడు ఎత్తులు పుస్తకమే ఆడింది," అన్నాడు బావ, కొంచెం మెత్తగా. "తర్వాతవి నువ్వాడావు. అవి బాగున్నాయి."

"బాగుంటే నా పేరు వేస్తావా?"

"వెయ్యను. ఓడిపోయావు."

సోమవారం పేర్ల కాగితం అచ్చయింది. నాలుగో పేరును కంపోజిటరు తనే పేర్చుకున్నాడు, బావ తప్పులు దిద్దాడు. జిగురు చెయ్యి పడాల్సిన అవసరం రాలేదు, ఒంటి కాగితానికి కుట్టుండదు. అతను బల్ల దగ్గర పుస్తకం దారాలు తెంపుతున్నాడు. అడుగున అంకెలు పైకే చదువుతూ ఫారాలు పేర్చుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే బావ చదరంగం బల్ల తెచ్చి ఎదురుగా పరిచాడు. జిగురు తెల్లపావులు లాక్కున్నాడు. ఇప్పుడు వరస సరిగ్గా ఉంది, సరైన ఏడో ఎత్తు కూడా వచ్చు. రాజు ముందున్న బంటును టక్కున రెండు గళ్లు తోశాడు.

బావ ఓ మూలనున్న బంటును ఒక గడి జరిపాడు.

"ఇది పుస్తకంలో లేదే!"

"దాన్ని రాసినవాళ్లు నాతో ఆడలేదుగా. ఆడు."

జిగురు చెయ్యి గాల్లోనే ఆగింది. కాసేపటికి ఆ చెయ్యి దించి, వేళ్లకున్న జిగురు గోకుతూ బల్లను ఈ చివరి నుంచి ఆ చివరికి చూడసాగాడు.

"బావా," అన్నాడు చివరికి, తలెత్తకుండా. "పని గంట కొట్టినా పావులు కదపకు."