ఆరు తీగల విషయసూచిక

వరంగల్‌లో ఒక దినపత్రిక పేజీల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాక, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్లీ రాజుకున్న ఏడాది ఎండాకాలంలో, జనగామ నుంచి వెలువడే 'మోత' అనే మాసపత్రికలో ముఖ్య లే-అవుట్ ఆర్టిస్టుగా చేరాను. అది రాక్ సంగీతం పత్రిక. జనగామలో అలాంటి పత్రికేమిటని మా బంధువులు కూడా అడిగారు. కానీ ఆ రోజుల్లో ఉద్యమ సభల్లో డప్పు పక్కన గిటారు నిలబడింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుర్రాళ్లు డ్రమ్స్ వేసుకుని, తమ మాటల్లో పాటలు కట్టి పాడుతున్నారు. వాళ్ల గురించి రాసేవాళ్లు లేరని మా సంపాదకుడు సత్యనారాయణ గారు ఈ పత్రిక పెట్టారు.

పత్రికలో విషయసూచిక పేజీ మొదట కనిపిస్తుంది గానీ, చివర తయారవుతుంది. ఏ వ్యాసం ఏ పేజీలో పడుతుందో ముందుగా ఒక నమూనా ప్రతిలో వేసుకుంటాం. దాన్ని మా పనిలో డమ్మీ అంటారు. ప్రకటనలు వచ్చి, పోయి, డమ్మీ కుదురుకున్నాక గానీ పేజీ సంఖ్యలు నిలవవు. అందుకే ఆ పేజీని ముఖ్య ఆర్టిస్టు తన చేతిలో ఉంచుకుంటారు. నేనూ అలాగే ఉంచుకున్నాను. రెండు కాలమ్‌లు, ఎడమ వైపు శీర్షికలు, కుడి వైపు బారుగా అంకెలు, పైన ముఖచిత్ర కథకు ఒక ఫొటో. ఏ నెలా ఒక్క అంకె తప్పు పోలేదు. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది.

ఏడాది తిరిగాక ఇమ్రాన్ రెండో ఆర్టిస్టుగా చేరాడు. మహబూబాబాద్ వాడు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదివాడు. వాళ్ల నాన్నకు పాత బస్టాండు దగ్గర రేడియో రిపేరు దుకాణం. పనిచేస్తూ పాడుకునేవాడు, ఫోన్లో వాళ్లమ్మతో దక్కనీ ఉర్దూలో గట్టిగా నవ్వుతూ మాట్లాడేవాడు. మొదట్లో నాకేమీ అనిపించలేదు.

ఆ ఏడు మూడు ఊళ్ల బృందాలూ కలిసి భూపాలపల్లిలో, బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల పక్క మైదానంలో, ఉద్యమం కోసం ఒకే వేదిక మీద వాయించాలని నిర్ణయించాయి. దానికి మేం ప్రత్యేక సంచిక తలపెట్టాం. అప్పుడు సత్యనారాయణ గారు, విషయసూచిక ఇద్దరినీ చెరొకటి చేసి చూపించమన్నారు. ఆ మాటకే నా మనసు చివుక్కుమంది. అయినా చేశాను. ఎప్పటికన్నా శుభ్రంగా చేశాను.

ఇమ్రాన్ ఎదురెదురు పేజీలు రెండూ తీసుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఆరు గీతలు లాగాడు, గిటారు తీగల్లాగా. ఒక్కో వ్యాసం పేరు ఒక్కో తీగ మీద, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. అంకెలు ఫాంటులోవి కావు. చేత్తో గీసి, స్కాన్ చేసి పెట్టాడు. ఒక్కో అంకె బొటనవేలంత. మూలన డ్రమ్ము కర్రలు పట్టుకున్న రెండు చేతులు, అంతే.

సంపాదకుడు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి చాలాసేపు చూశారు.

"వసంతమ్మా, మీ దాంట్ల వంక పెట్టనీకి లేదు. కని గిది చూస్తే లోపటికి పోబుద్ధి అయితున్నది" అన్నారు.

నేను తలూపి నా సీటుకు వచ్చాను. ఆ రోజు నుంచి ఆఫీసులో నా చెవులు వేరే పని మొదలుపెట్టాయి. ఎవరు ఇమ్రాన్ కంప్యూటర్ దగ్గర నిలబడ్డారు, ఎవరు కుర్చీ లాక్కుని కూర్చున్నారు, ఎవరు 'మస్తుగున్నది' అన్నారు, అన్నీ వినిపించేవి. టీ ముందు అతని బల్ల మీద పెడితే అదీ కనిపించేది. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు మా ఆయన ఏమైందని అడిగితే, చేత్తో గీసిన అంకెలు చదవడం ఎంత కష్టమో భోజనం అయ్యేదాకా చెప్పాను.

"ఆ పిలగాడు నిన్నేమన్న అన్నడా?" అన్నాడాయన.

"ఏమనలే. అక్కా అక్కా అంటడు" అన్నాను. నన్ను తొలిచింది కూడా అదే. కోపం తెచ్చుకోవడానికి అతను ఒక్క సందు ఇవ్వలేదు.

సంచిక హనుమకొండ ప్రెస్సుకు పంపవలసిన వారంలో బంద్ పిలుపు వచ్చింది. బస్సులు ఆగకముందే పేజీలున్న సీడీని అక్కడికి చేర్చాలి. సరిగ్గా అప్పుడే మహబూబాబాద్ నగల దుకాణం వాళ్లు, బంద్‌కు కొట్టు మూసుకుంటున్నామని, మధ్యలో ఉన్న నాలుగు పేజీల ప్రకటన వెనక్కి తీసుకున్నారు. నేను డమ్మీ మార్చి, ఆ తర్వాతి వ్యాసాలన్నీ ముందుకు జరిపి, చివర మిగిలిన చోటును ఫొటోలతో నింపాను.

పంపేముందు మొత్తం సంచికను ఒకసారి చూడడం ముఖ్య ఆర్టిస్టు బాధ్యత. మిగతా పేజీలు మామూలుగా చూశాను. ఇమ్రాన్ విషయసూచిక రెండు పేజీలు మాత్రం తప్పు కోసం చూశాను. దొరికింది. ప్రకటన పోయాక లోపలి పేజీ సంఖ్యలు వాటంతట అవే మారాయి. ఇమ్రాన్ చేత్తో గీసిన అంకెలు మారవు కదా. సగం వ్యాసాలకు తప్పు సంఖ్యలున్నాయి. భూపాలపల్లి బృందం గురించి రాసిన ముఖ్య కథ కోసం ఆ పేజీ తీస్తే వేరే ఊరి బృందం కనిపిస్తుంది. మైదానంలో అది చేతికి వచ్చినవాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కరలేదు. మూడు బృందాల మధ్య ఎవరు ముందు వాయించాలన్న తగాదా అప్పటికే ఉంది.

నాకు కలిగింది భయం కాదు, సంతోషం. సంపాదకుడి గదిలో, ఆయన ఎదుటే, ఇమ్రాన్‌ను పిలిచి చూపించాను.

ఇమ్రాన్ మొహం చిన్నబోతుందని ఎదురుచూశాను. అతను పేజీ మీద వంగి చూసి, "నిజమే అక్కా. నా కండ్లకు ఆననే లేదు. జర మీరు నంబర్లు చదువుతరా, నేను మళ్ల గీస్త" అన్నాడు.

పక్కన కూర్చుని చదివాను. అతను బ్రష్షుతో గీశాడు. తొందరలో గీసినందువల్లనో ఏమో, కొత్త అంకెలు పాతవాటికన్నా బాగా వచ్చాయి. అది ఆ గదిలో అందరికన్నా ముందు నాకే తెలిసింది. సీడీ ఆఖరి బస్సుకు అందింది. సత్యనారాయణ గారు నాకు థాంక్స్ చెప్పారు. ఆ వెంటనే అంకెల వైపు తిరిగి, "గివి ఇంక మంచిగైనయి" అన్నారు.

భూపాలపల్లికి అందరం పోయాం. మైదానం నిండింది. వేదిక పక్క స్పీకర్ల మీద, టీ కొట్టు తడిక మీద, ఒక బృందం గిటారు పెట్టె మీద, మా పత్రికలోంచి చింపిన ఆ రెండు పేజీలే అంటించి ఉన్నాయి. లోపలి పేజీల్లో చాలామటుకు నేను చేసినవే. వాటిని ఎవరూ అంటించలేదు.

భూపాలపల్లి డ్రమ్మర్, గనిలో ఎలక్ట్రీషియన్, నన్ను చూసి వచ్చాడు. "అక్కా, గీ పేజీ ఎవరు చేసిన్రు?"

"ఇమ్రాన్ అని, మా ఆఫీసుల ఉంటడు. ఆడ నిలబడ్డడు చూడు."

అతను అటు పరుగెత్తాడు. బృందాల కుర్రాళ్లు ఇమ్రాన్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడు కూడా కడుపులో మంట తగ్గలేదు.

కొన్ని నెలలకు హైదరాబాదులో పెద్ద కొలువు వచ్చి ఇమ్రాన్ వెళ్లిపోయాడు. పోతుంది కదా ఈ బాధ అనుకున్నాను. కానీ పాఠకులు అడుగుతున్నారని సత్యనారాయణ గారు ఆ ఆరు తీగల పేజీలనే ప్రతి నెలా ఖాయం చేశారు. రాష్ట్రం వచ్చింది, నేను రిటైరయ్యాను. అప్పటిదాకా ప్రతి సంచికకూ ఇమ్రాన్ గీతల మీద వ్యాసాల పేర్లు అమర్చింది నేనే. అంకెలు గీయడం కూడా నేర్చుకున్నాను. అతని చేతి ఒడుపు నాకు చివరిదాకా రాలేదు.

విషయసూచికలో తప్పు లేకపోవడం మొదటి అవసరం, అంతవరకు నేను సరిగ్గానే ఉన్నాను. చదివేవాళ్లను లోపలికి లాగడం రెండోది. నా పేజీలో అది లేదని నాకు తెలిసింది అసూయ వల్లనే. అతని పేజీని తప్పు కోసం చూసినంత శ్రద్ధగా నా పేజీని నేను ఒక్కసారీ చూసుకోలేదు.