డాక్టరమ్మ నాడి

నా చిన్నప్పుడు మా సిరిసిల్లలో మగవాళ్లు బస్సెక్కాలంటే జంకేవారు. అడవిలోని అన్నలకు అన్నం పెట్టావా అని ఒకచోట పోలీసులు ఆపేవారు, పోలీసులకు ఏం చెప్పావని ఇంకోచోట అన్నలు ఆపేవారు. అందుకే మా చిన్నమ్మను జగిత్యాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లే పని అమ్మమ్మ మీద పడింది. వాంతులకు గిన్నె పట్టే పని నా మీద పడింది. నాకప్పుడు పదేళ్లుంటాయేమో.

చిన్నమ్మకు మూడో నెల. అంతకుముందు ఒక కడుపు పోయింది. ఈసారి గుండెదడ, ఒళ్లంతా వేడి, మంచినీళ్లు తాగినా వాంతి. మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుంటే పట్టుమని కాసేపైనా కూర్చోలేకపోయేది. మా పేటలోని డాక్టరు రక్తం తీసి హైదరాబాదు పంపించాడు. కాయితం వచ్చాక, గొంతులోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందన్నాడు. నెలకు సరిపడా మాత్రలిచ్చి, ఇవి వేసుకోకపోతే ఈ కడుపూ నిలవదన్నాడు. అనేవాడికేం, అనేసి పోయాడు. ఆ మాటతో మనిషి సగమైపోయింది. మాత్ర మింగడం, అది వాంతిలో వచ్చేయడం, కూర్చుని ఏడవడం. ఆ మాత్ర కడుపులో నిలిచే ఉపాయం అడగడానికే మేం బయల్దేరాం.

వేములవాడ దాటాక గుట్టల దగ్గర పోలీసులు బస్సు ఆపారు. అందరినీ దింపి, మా సంచి నేలమీద గుమ్మరించారు. మాత్రల పొట్లం చూడగానే ఒకాయన ముఖం మారిపోయింది. ఇన్ని మందులు ఒక్క మనిషికా, అడవిలోకి మోస్తున్నారా అన్నాడు. అమ్మమ్మ చేతులు జోడించింది. చిన్నమ్మ ఆయన కాళ్ల మీద పడబోయింది.

"గవి ఇచ్చెయ్యి సారూ, నీ బాంచెన్. గవి లేకుంటె నా కడుపు నిలువదు."

ఆయన పొట్లం జీపులో పడేసి మమ్మల్ని పొమ్మన్నాడు. మళ్లీ బస్సెక్కాం. చిన్నమ్మ రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని కూర్చుంది, జగిత్యాల దాకా తీయలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఏదో అయిపోతుందని నాకు ప్రాణం పోయేది.

డాక్టరమ్మ మాట కరుకైన మనిషి. చిన్నమ్మ కళ్లు, గొంతు, చాచిన చేతులు చూసింది. పెళ్లికి ముందు ఎప్పుడైనా ఇలా దడ ఉండేదా అని అడిగితే, లేదంది చిన్నమ్మ. మాత్రలు పోలీసులు గుంజుకున్నారని అమ్మమ్మ చెబుతుంటే, కాయితం చదివి పక్కన పెట్టింది.

"పోతే పోనియ్ చెల్లె. నీకు గా మాత్రలు అక్కెరనే లేవు."

కడుపులో బిడ్డకు సొంత గ్రంథి తయారై పని అందుకునేదాకా తల్లి గ్రంథే ఇద్దరికీ పనిచేయాలని, అందుకే ఈ నెలల్లో అది జోరు మీద ఉంటుందని, తర్వాత తనంతట తానే నెమ్మదిస్తుందని వివరంగా చెప్పింది. నిజంగా గ్రంథికి జబ్బే ఉంటే కళ్లలో, గొంతులో తెలిసేదట, అప్పుడు ఆ మాత్రలు తప్పకుండా వేసుకోవాలట. జబ్బు లేనిదానికి వేస్తే బిడ్డకే చేటట. కాయితం మీదున్న కొలత కడుపుతో లేని ఆడవాళ్లదని కూడా చెప్పింది.

అయినా చిన్నమ్మ ఏడుపు ఆగలేదు. ఎలా ఆగుతుంది? ఒకసారి పోగొట్టుకున్న మనిషి.

డాక్టరమ్మ లేచి తలుపు వేసింది. చిన్నమ్మ చెయ్యి తీసుకుని తన మణికట్టు మీద పెట్టుకుంది. పక్కన బిక్కచచ్చి నిలబడ్డ నన్నూ పిలిచి నా వేళ్లూ పెట్టించింది. చెయ్యి వెచ్చగా, చెమ్మగా ఉంది. నాడి పరుగెడుతోంది.

"నాకు సుత మూడో నెలనే. మా అత్తమ్మకు గూడ ఇంక చెప్పలే. నీకే చెప్తున్న."

మా వైపు మూడో నెల నిండేదాకా ఆ మాట బయటపెట్టరు. దిష్టి తగులుతుందని భయం. ఎంత చదివినా ఆ భయం ఎక్కడికి పోతుంది? అయినా, అంతకుముందు ముఖం కూడా ఎరగని మనిషికి ఆవిడ చెప్పేసింది. చిన్నమ్మ ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఏడుపు మాత్రం ఆగింది.

వాంతులకు మందిచ్చి, నెల తర్వాత మళ్లీ రక్తం చూపించుకోమంది డాక్టరమ్మ. చూపిస్తే అన్నీ కుదురుగానే ఉన్నాయి. నెలలు నిండి, చిన్నమ్మకు కూతురు పుట్టింది.

ఇప్పుడు కడుపుతో ఉన్న మా ఇంటి ఆడపిల్లలు ఫోనులో రిపోర్టు పట్టుకుని భయంతో నా దగ్గరికి వస్తారు. మంచి డాక్టరు దగ్గరికి నేనే బయల్దేరదీస్తాను. దానికి ముందు తలుపు దగ్గరగా వేసి, నాకు నిలవకుండా పోయిన మొదటి కడుపు సంగతి చెప్తాను. అది మా ఆయనకు తప్ప మా ఇంట్లో పెద్దవాళ్లెవరికీ తెలియదు.