తప్పు నాదని చెప్పేదానికి చేనుదాకా వచ్చిన మేడం

"మేడం పోయినారంటమ్మా," అన్నాడు మా కాలేజీ అటెండరు, స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి.

"యాడికి?" అన్నాను నేను, హాజరు పట్టీలో నుంచి తలెత్తకుండానే.

తలెత్తి ఆయన ముఖం చూసినాక గానీ నాకు అర్థం కాలేదు. సోమవారం పొద్దున కాలేజీకి బయల్దేరేదానికి జడ వేసుకుంటా ఉండి, అట్లే కూలబడిపోయినారంట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయిందంట. ముందురోజు సాయంత్రమే నాకు ఫోన్ చేసి, "ఫస్టియర్ వాళ్లకు కొత్త లెక్కలు పెడతాండా, ఒకసారి నీవూ వేసి చూడు," అన్న మనిషి. నేనింకా వేసి చూడనేలేదు. ఇది రాస్తా ఉన్నాను గానీ, నాకిప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

ఆమె గుంతకల్లు డిగ్రీ కాలేజీలో నాకు లెక్కలు చెప్పినారు. ఇప్పుడు అదే కాలేజీలో నేను గెస్ట్ లెక్చరర్‌ని. ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆమె తెలియదు. అందుకే మొదట్నుంచీ చెప్తాను.

మేము చేరిన ఏడాదే ఆమె నోటు పుస్తకాల హోంవర్కు మానేసి, ఫోన్లో, ఒక వెబ్‌సైటు మీద హోంవర్కు మొదలుపెట్టినారు. అన్ని పుస్తకాలు దిద్ది వెనక్కిచ్చేసరికి పదైదు దినాలు పట్టేదంట. అప్పటికి పాఠమే మారిపోయి ఉంటుంది. "తప్పు చేసిన పూటే చెప్పల్ల. పదైదు దినాలకు చెప్తే, ఆ తప్పు చేసింది ఎవురో వేరేవాళ్లనుకుంటారు," అనేవాళ్లు. ఫోన్లో అయితే జవాబు కొట్టగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంది, ఒప్పయితే పచ్చరంగు వస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో రకం అంకెలు వస్తాయి కాబట్టి పక్కవాళ్లది చూసి రాసేదానికి లేదు. ఆ వెబ్‌సైటంతా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన మాలాంటోళ్ల కోసం ఆమె ఒక్కో లెక్క కింద తెలుగులో సూచనలు టైపు చేసినారు, ఒంటి వేలితో. జవాబు తప్పయితే 'ఇంకోసారి చూడమ్మా' అని వచ్చేది. మగపిల్లలకూ అదే వచ్చేది. వాళ్లు దాన్ని ఒకరికొకరు చూపించుకుని నవ్వుకునేవాళ్లు.

మాది వజ్రకరూరు దగ్గర పల్లె. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, నాయనది. ఆయన పని నుంచి వచ్చినాకనే నా చేతికొచ్చేది. డిఫరెన్సియేషన్ హోంవర్కులో ఒక లెక్క నాకు ఎంతకీ కుదరలేదు. వేసినాను. మళ్లీ వేసినాను. వేరే కాగితం తీసుకుని మొదట్నుంచీ వేసినాను. ఎట్లా వేసినా నాకు మైనస్‌తోనే జవాబు వస్తుంది, ఫోనేమో తప్పంటుంది. నాలుగు దినాలు అదే వరస. తక్కిన వాళ్లందరికీ అయిపోయిందని తెలిసినాక నా మీద నాకే అసహ్యమేసింది. ఇంగ్లీషు రాదు, సరే. లెక్కలన్నా వస్తాయనే కదా చేరింది. అవీ రావని తేలిపోయిందనుకున్నాను. కాలేజీ మానేసి అమ్మతో కూడా చేన్లో కలుపు తీసేదానికి పోయినాను. అమ్మ రెండు దినాలు తిట్టి ఊరుకుంది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, చేను గట్టు మీద ఒకామె చెప్పులు చేత పట్టుకుని బురదలో నడిచొస్తా ఉంది. వానలు పడితే మా పక్క చేలల్లో వజ్రాలు వెతికేదానికి ఎక్కడెక్కడి జనాలో వస్తారు. అమ్మ వంగిన నడుము ఎత్తకుండానే, "ఈడ రాళ్లు లేవు పోమ్మా, శెనక్కాయ వేసినాం, తొక్కొద్దు," అని కేకేసింది.

"రాళ్లకు కాదక్కా. నీ కూతురి కోసం వచ్చినా."

గొంతు విని నేను గుర్తుపట్టి, "మా లెక్కల మేడం," అన్నాను. చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. అమ్మ బెదిరిపోయి లేచి నిలబడింది.

"ఏం తప్పు చేసింది మేడం ఇది?"

"అది చేయలేదు. నేను చేసినా." మేడం సంచిలోంచి ఒక కాగితం తీసినారు. "ఒక లెక్కకు జవాబు పెట్టేటప్పుడు మైనస్ పెట్టాల్సిన చోట ప్లస్ పెట్టేసినా. ఎవురు ఎన్నిసార్లు ఏం జవాబు కొట్టినారో నాకు కనిపిస్తాది. తక్కినోళ్లు రెండుసార్లు చూసి, గుర్తు మార్చి కొట్టి దాటుకున్నారు. నీ కూతురొక్కతే ఇరవైఆరు సార్లు సరైన జవాబు కొట్టింది. ఇరవైఆరు సార్లూ నేను తప్పన్నా."

అమ్మకు ప్లస్సూ తెలియదు, మైనస్సూ తెలియదు. కానీ అంత చదువుకున్నామె చేన్లోకొచ్చి తప్పు నాదంటే, ఆమె కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంటా నిలబడింది. పన్నెండేళ్ల చదువులో అట్లా అన్న వాళ్లను నేను చూసి ఎరగను. ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయినాను.

"ఒక మెసేజ్ పెట్టింటే అయిపోయేది కదా మేడం," అన్నాను చివరికి.

"తప్పని నీకు చెప్పింది ఫోనే కదమ్మా. మళ్లా అదే ఫోన్లో ఒప్పని వస్తే నమ్ముతావా?"

ఆ కాగితం నా చేతిలో పెట్టి ఆమే అన్నారు. "నన్నెందుకు అడగలేదు నీవు? ఫోను తప్పంటే, యాడ తప్పని అడగల్ల. నేను తప్పన్నా అడగల్ల. అడక్కుండా మానుకునేది లేదు ఇంక."

బస్సుకు ఇంకా టైముందని మాతో పాటు ఒక సాలు కలుపు తీసినారు. గడ్డితో పాటు రెండు శెనక్కాయ మొక్కలు కూడా పీకేసినారు. అమ్మ చూసి కూడా ఏమీ అనకుండా వాటిని కొంగులో వేసుకుంది.

ఆ తర్వాతి సోమవారం నేను కాలేజీకి పోయినాను. ఆ రోజు క్లాసులో అందరి ముందరా ఆ లెక్క బోర్డు మీద వేసి, తను యాడ తప్పు పెట్టిందీ చూపించినారు. గుర్తు మార్చి దాటుకున్న వాళ్లను తిట్టలేదు. "మీకు పచ్చరంగు కావాల్సొచ్చింది, జవాబు కాదు," అన్నారంతే. అది తిట్టు కంటే ఎక్కువే తగిలింది. ఆ పొద్దు నుంచి కొత్త లెక్క ఏది పెట్టినా, ముందు ఇంకొకరి చేత వేయించి గానీ పిల్లలకు ఇచ్చేవాళ్లు కాదు. ఈమధ్య ఆ ఇంకొకరు నేనే.

రోజూ క్లాసుకు ముందు ఎవురు ఎన్నిసార్లు ఏం కొట్టినారో చూపించే పట్టికను ఆమె ఫోన్లో తెరిచి చూసుకునేవాళ్లు. ఎక్కువ తప్పులు పోయిన వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టుకునేవాళ్లు. పది లెక్కలు నాలుగు నిమిషాల్లో ఒప్పు కొట్టిన వాళ్లను కూడా, ఎట్లా వేసినారో చెప్పమని పిలిచేవాళ్లు. "ఫోను తప్పని చెప్తాది. తప్పెందుకు పోయిందో దానికి తెలీదు. ఆడికి మనిషి పోవల్ల," అనేవాళ్లు.

మంగళవారం అంత్యక్రియలయినాయి. బుధవారం ప్రిన్సిపాల్ సారు ఆమె క్లాసులు నన్ను చూసుకోమని, హోంవర్కు పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చినారు. తెరిచినాను. ఒక లెక్క కింద ఫస్టియర్ అమ్మాయి సందేహం పెట్టింది: 'మేడం, ఇది మళ్లీ ఒకసారి చెప్తారా?' సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు. అప్పటికే మేడం లేరు. ఆ పిల్లకు తెలియదు.

జవాబు టైపు చేసినాను. పంపేముందు చూస్తే పైన మేడం పేరుంది. ఆ ఖాతాలో నుంచి ఏది పంపినా ఆమె పంపినట్టే పోతుంది. మొత్తం చెరిపేసి, లేచి క్లాసుకు పోయినాను.

ఆ అమ్మాయిని పిలిచి, "నీ సందేహం చూసినా. నీకు వచ్చినంత వరకు బోర్డు మీద వెయ్యి, చూద్దాం," అన్నాను.

ఆ పిల్ల చున్నీతో కళ్లు తుడుచుకుని వచ్చింది. ఒక వరస రాసింది. రెండో వరస రాసింది. మూడో వరసలో సగానికి వచ్చి ఆగిపోయింది. నేను ఇంకో చాక్‌పీసు తీసుకుని దాని పక్కకు పోయి నిలబడినాను. ఆ పిల్ల చెయ్యి దించకుండా, చాక్‌పీసు బోర్డుకు ఆనించి అట్లే నిలబడి ఉంది. తెల్లపొడి సన్నగా ఆ పిల్ల మణికట్టు మీదికి రాలతా ఉంది.